జుమాకదిర్ కుక్కకు వేసిన ముక్క

జుమాకదిర్ మొండివాడని నారిన్ కొండల్లో ఎవర్నడిగినా చెబుతారు. నిజమే, మొండివాడే. అరవై నాలుగేళ్లు వచ్చినా గుర్రం ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే కొరడాతో ఆ చేతి మీద ఒకటి అంటించేవాడు. డాక్టర్లంటే ఒళ్లు మంట. పన్ను నొప్పెడితే గొర్రె కొవ్వు రాసుకుని ఊరుకునే రకం. అలాంటి మనిషి ఇప్పుడు ఏటా వేసవిలో పులిసిన గుర్రపు పాలు, అదే కుమిస్, తోలుతిత్తి నిండా నింపుకుని పట్నం ఆసుపత్రికి పోతాడు. అదీ శవాల గదికి. అక్కడి డాక్టరమ్మ చేతిలో ఆ తిత్తి పెట్టి, టోపీ తీసి, ఒక్క మాటా మాట్లాడకుండా తిరిగొస్తాడు. ఎందుకో తెలియాలంటే ముందు ఆయన గొర్రెను కోసే తీరు చెప్పాలి.

ఆ తీరే వేరు. పెళ్లయినా చావైనా, కొండ మీది ముప్పై గుడారాల వాళ్లూ గొర్రెను కోయడానికి ఆయన్నే పిలిచేవారు. ఒక్క ఎముక విరిగేది కాదు. కీలు చూసి కత్తి పెడితే కాలు దానంతటదే చేతిలోకి వచ్చేది. కార్జం, ఊపిరితిత్తులు బయటికి తీసి వెలుగులో తిప్పి చూసేవాడు. ఎక్కడైనా నీటి బుడగలు కనిపిస్తే, "మంచు పట్టిన గడ్డి మేసింది, దొంగముండ!" అని తిట్టి, ఆ మేరకు కోసి తన కుక్క మోయ్నోక్‌కు విసిరేవాడు. మోయ్నోక్ గాల్లోనే అందుకునేది. మనిషి తినకూడనిది కుక్క తింటే తప్పేమిటి? ఆయన తండ్రి అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. అన్ని గుడారాల్లోనూ అదే వాడుక.

భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు ఎర్మెక్, కోడలు సాయ్కల్, ఆరేళ్ల మనవరాలు బెర్మెత్. ఇదీ ఆయన సంసారం. వీళ్లకు తోడు ఆయన అక్క కాలీచా. ఆవిడ గుడారం రెండడుగుల దూరంలో ఉండేది గానీ ఆవిడ నోరు మాత్రం ఎప్పుడూ తమ్ముడి గుడారంలోనే ఉండేది.

ఆ జూలైలో ఒక సాయంత్రం ఎర్మెక్, సాయ్కల్ గొడవపడ్డారు. బెర్మెత్‌ను సెప్టెంబరులో బడిలో వెయ్యాలి, అందుకు తను పట్నంలో ఉంటానంటుంది ఆమె. వీల్లేదంటాడు అతను. మాటకు మాట పెరిగింది.

"అయితే నువ్వూ నీ గొర్రెలూ ఈ కొండ మీదే చావండి!" అని అరిచింది సాయ్కల్. "నేను నా బిడ్డను తీసుకుని పోతా!"

కోపంలో ఏ పెళ్లాం అనని మాట? కానీ ఉన్ని గోడల్లోంచి ఆ మాట కాలీచా చెవిన పడింది.

మర్నాడు మేకపోతు ఆట. గుర్రాల మీద రెండు జట్లు, తల లేని మేక కళేబరాన్ని లాక్కుని గుంతలో వెయ్యడానికి కొట్లాట. ఎర్మెక్ ఎప్పుడూ ముందుండేవాడు. మేకను తొడ కింద నొక్కిపెట్టి దూసుకుపోతుంటే అవతలి జట్టువాడి మోకాలు అతని కుడి డొక్కలో గట్టిగా తగిలింది. ఎర్మెక్ నవ్వేశాడు. ఆ ఆటలో దెబ్బ తగలనివాడెవడు? మేకను గుంతలో పడేసి, గుర్రం దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. సాయ్కల్ ముభావంగానే గిన్నెడు కుమిస్ అందించింది. గటగటా తాగాడు.

అంతే. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బాయి. "నాన్నా, గొంతు..." అని జుమాకదిర్ చెయ్యి పట్టుకున్నాడు. టీ కాగేంత సేపు కూడా పట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్ల కొడుకు తండ్రి ఒళ్లోనే పోయాడు.

అందరూ గిన్నెనే చూశారు. మోకాలి దెబ్బ ఒక్కరికీ గుర్తు రాలేదు.

శవాన్ని కింద ఊరికి దించారు. వాకిట్లో చావు గుడారం వేశారు. బయట మగవాళ్లు కర్రల మీద వాలి ఏడుస్తుంటే లోపల ఆడవాళ్లు రాగం తీస్తున్నారు. సాయ్కల్ నల్లబట్టలు కట్టుకుని శవం పక్కన కూర్చుని మొగుడి మీద ఏడుపుపాట ఎత్తుకుంది. రెండో చరణం కాకముందే కాలీచా అందుకుంది.

"ఆపవే! పాలల్లో ఏం కలిపావో అది చెప్పి ఏడువు!"



మర్నాడు మధ్యాహ్నానికి పోలీసాయన వచ్చాడు. టోపీ తీసి, సంతాపం చెప్పి, నెమ్మదిగా విషయంలోకి దిగాడు. "పెద్దాయనా, జనం ఏదేదో అంటున్నారు. మీకు అనుమానమేమీ లేదని రాసిస్తే పూడ్చుకోండి. ఉందంటే మాత్రం పట్నం తీసుకెళ్లి కోయించాలి."

"రాసిచ్చెయ్‌రా తమ్ముడూ," అంది కాలీచా. "పిల్లాణ్ణి కోయిస్తావా? పరువుండొద్దూ? నలభయ్యో రోజు చావు విందు వెళ్లనీ, ఆ మహాతల్లిని పుట్టింటికి తోలేద్దాం. పిల్ల మన నెత్తురు, మన దగ్గరే ఉంటుంది."

పెద్దలు తలలూపారు. రుజువూ అక్కర్లేదు, మాటా అక్కర్లేదు. కోడలి మీద విషం పెట్టిందన్న ముద్ర వేసి, బిడ్డను లాక్కుని పంపేస్తే అందరికీ సుఖం! ఈ పెద్దరికాలు చూస్తే ఒళ్లు మండిపోతుంది.

జుమాకదిర్ కలం తీసుకున్నాడు. కొడుకు ఒంటి మీద కత్తి పడటం ఆయన తట్టుకోలేడు. వేల గొర్రెల్ని కోసిన మనిషి కదా, కత్తి ఏం చేస్తుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? పైగా నిజం చెప్పాలంటే ఆయనకూ కోడలి మీద అనుమానం లేకపోలేదు.

అప్పుడు సాయ్కల్ గుడారం తెర ఎత్తుకుని బయటికి వచ్చింది. మొగుడు పోయిన మనిషి అలా మగవాళ్ల మధ్యకు రాకూడదు. వచ్చింది. ఏడేళ్ల కాపురంలో మామగారి ఎదుట తలెత్తి మాట్లాడని పిల్ల, తలెత్తింది.

"మామయ్యా, కోయించండి."

"లోపలికి పో!" అని కాలీచా అరిచింది.

"నన్ను తోలేస్తే తోలేయండి. కానీ తెలుసుకుని తోలేయండి. రేపు బెర్మెత్ పెద్దదై, తాతా, మా నాన్నను మా అమ్మ చంపిందా అని అడిగితే ఏం చెబుతారు? తెలీదంటారా?"

జుమాకదిర్ కోడలి వైపు చూశాడు. తర్వాత కలం పోలీసాయన చేతిలో పెట్టి, "బండి తెప్పించు," అన్నాడు. అక్క శాపనార్థాలు పెడుతూనే ఉంది. ఆయన వినలేదు. మొండితనం మంచి పనికి వచ్చిన రోజు అది.

పట్నంలో శవాల గది డాక్టరమ్మ పేరు జిపారా. పొట్టి మనిషి, రబ్బరు బూట్లు, యాభై ఏళ్లుంటాయి. జుమాకదిర్ శవంతోపాటు తిన్నగా లోపలికి నడవబోయాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బయట కూర్చో అన్నా. టీ పంపిస్తా."

"టీ తాగడానికి రాలేదు. నేను గొర్రెలు కోసేవాణ్ణి. నాకేం భయం లేదు."

"నీ మొండితనం నీ గుర్రాల దగ్గర చూపించు. ఇక్కడ నా మాట చెల్లుతుంది. వాడు నీ కొడుకు, గొర్రె కాదు. కూర్చో."

కూర్చున్నాడు. రెండు గంటలు బయటి బెంచీ మీద ఎలా గడిచాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆవిడ తలుపు తీసి, "నువ్వు చూడాల్సింది ఒకటుంది. చూడగలవా?" అంది.

కొడుకు మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కన స్టీలు పళ్లెంలో కార్జం. దాని కుడివైపు పగిలిన నీటితిత్తి. లోపల తెల్లటి పొర, ఉడికిన గుడ్డు తెల్లసొనలా. నీళ్లలో చిన్నచిన్న బుడగలు.

"ఇది గొర్రెది," అన్నాడు జుమాకదిర్ వెంటనే. "నా కొడుకుది చూపించు."

జిపారా ఆ పళ్లేన్నే ఇంకాస్త ముందుకు జరిపింది.

"గొర్రెలకు వస్తుందమ్మా ఇది. మంచు గడ్డి మేస్తే. ఏటా చూస్తా నేను."

"గొర్రెలో కనిపిస్తే ఏం చేస్తావన్నా?"

"ఏం చేస్తా, కోసి కుక్కకు..."

 డాక్టరమ్మ మొహం చూశాడు. ఆవిడ ఒక కుర్చీ లాగి ఆయన వెనక పెట్టింది. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు.

ఆవిడ తొందరపడకుండా చెప్పింది. ఆ బుడగ తిన్న కుక్క కడుపులో సన్నటి పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో బయటికొచ్చి బొచ్చుకు అంటుకుంటాయి. కుక్కను నిమిరిన చెయ్యి నోట్లోకి పోతే గుడ్డు మనిషి లోపలికి పోతుంది. కార్జంలో చేరి తిత్తి కడుతుంది. ఏళ్ల తరబడి నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు.

"ఇతనికి చిన్నప్పుడే పట్టి ఉంటుంది. నిన్న కుడి డొక్కలో దెబ్బేమైనా తగిలిందా? లోపల కమిలింది."

మోకాలు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

"ఆ దెబ్బకే పగిలింది. ఆ నీళ్లు నెత్తుట్లో కలిస్తే కొందరి ఒళ్లు తట్టుకోదు. కందిరీగ కుడితే కొందరు పోతారు చూడు, అలాగ. దద్దుర్లు, గొంతు వాపు. గొంతు చూశాను, మూసుకుపోయింది. నెత్తురూ, పోలీసాయన తెచ్చిన పాలూ విషం పరీక్షకు రాజధానికి పంపుతున్నా, కాగితం వస్తుంది. కానీ నన్నడిగితే, ఆ పాలకూ దీనికీ సంబంధం లేదు."

ఆ నీటి చుక్క ఒకటి గాజుపలక మీద వేసి మైక్రోస్కోప్‌లో చూపించింది. పురుగు పిల్లల కొక్కేలట, వరుసగా, కనీకనిపించకుండా. గొర్రెల్లో నలభై ఏళ్లు చూసినదాని లోపల ఇవి ఉంటాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"బతికుండగా కనిపెట్టలేమా?"

"అల్ట్రాసౌండ్‌లో పది నిమిషాల పని. మిషను ఆ ఎదురు భవనంలోనే ఉంది. మీ కొండ మీదివాళ్లు ఒక్కరూ రారు." ఆవిడ గొంతులో కోపం ఉంది, జాలీ ఉంది. "ఇంట్లో పిల్లలున్నారా?"

బెర్మెత్ మధ్యాహ్నాలు మోయ్నోక్ పొట్ట మీద తల పెట్టుకుని నిద్రపోయేది. ఆ మాటే చెప్పాడు.

"తీసుకురా. వెంటనే తీసుకురా."

"కుక్కను కాల్చేస్తా," అన్నాడు.

"కుక్కేం చేసింది? నువ్వు పెట్టింది తింది. మాత్రలిస్తా, వెయ్యి. ఆ ముక్కలు మాత్రం కాల్చెయ్, లేదా లోతుగా పాతిపెట్టు."

ఊరికి వచ్చాక జుమాకదిర్ ఏం చెప్పాడు? "కార్జం జబ్బు," అన్నాడు. అంతే. ఏ జబ్బో చెప్పలేదు, ఎలా వచ్చిందో చెప్పలేదు. తన చెయ్యి సంగతి అసలే చెప్పలేదు. కొడుకును పూడ్చిపెట్టి వచ్చి మౌనంగా కూర్చున్నాడు. అంత మొండి మనిషికి అంత పిరికితనం ఎక్కడిదో!

సగం నిజం ఎవరికి సరిపోతుంది? "కుమిస్ తాగగానే వచ్చే కార్జం జబ్బా? డాక్టరమ్మ చెయ్యి తడిపారేమో!" అని కాలీచా ఇంటింటికీ తిరిగి ఆడిపోసుకుంది. బావి దగ్గర ఆడవాళ్లు సాయ్కల్‌ను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. నలభయ్యో రోజున పంపించే నిర్ణయం అలాగే ఉంది. ఆమె సామాను ఏ పెట్టెలో సర్దాలో కూడా కాలీచా చెప్పేసింది.

ఎనిమిదో రోజున జుమాకదిర్ కోడల్నీ మనవరాల్నీ పట్నం తీసుకెళ్లాడు. ఎందుకో చెప్పలేదు, "పిల్లను చూపిద్దాం," అన్నాడంతే. చీటీ రాసే అమ్మాయి, "ఇంటి పెద్ద పేరు?" అనడిగింది. కోడలు మామగారి పేరు పలకకూడదు. సాయ్కల్ తలుపు దగ్గర నిలబడ్డ మామగారిని చూపించి, "వారే," అంది.

"వారెవరమ్మా? వారని రాయనా?"

"జుమాకదిర్!" అని బెర్మెత్ వార్డంతా వినబడేలా అరిచింది. "మా అమ్మకు రాదు!"

ఎన్నో రోజుల తర్వాత సాయ్కల్ నవ్వబోయి, ఆపుకుంది.

చీకటి గదిలో పిల్ల పొట్ట మీద చల్లటి జిగురు రాసి డాక్టరు మిషను ఆనించాడు. తెర మీద బూడిదరంగు మసక. అందులో నల్లగా, గుండ్రంగా, అక్రోటు కాయంత ఒకటి.

"ఇదుగో," అన్నాడు డాక్టరు. "చిన్నదే. పగల్లేదు. మందులతో మొదలుపెడదాం, లొంగకపోతే ఆపరేషన్. సరైన సమయానికి తెచ్చారు. ఎవరు పంపారు మిమ్మల్ని?"

"నా కొడుకు," అన్నాడు జుమాకదిర్. ఇంకేమీ అనలేక బయటికి వచ్చేశాడు.

సాయ్కల్ వెనకే వచ్చింది. "మామయ్యా, ఏమిటది? ఆయనకున్నదీ ఇదేనా?"

వసారాలో నిలబడి మొత్తం చెప్పాడు. గొర్రె కార్జం, కుక్క, నిమిరిన చెయ్యి, మోకాలు. తలవంచుకుని చెప్పాడు.

"మీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ రోజే తెలిసింది."

"ఎనిమిది రోజులు!" అంది సాయ్కల్. "ఎనిమిది రోజులు పెద్దత్తయ్య నా మొహాన దుమ్మెత్తి పోస్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"సిగ్గేసింది తల్లీ."

"సిగ్గు మీకు, చావు నాకా?"

 ముసలాయన గోడకానుకుని ఏడ్చాడు. కొడుకు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. సాయ్కల్ ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పనీ లేదు. ఏడుపు అయ్యేదాకా ఆగి, అప్పుడంది.

"నలభయ్యో రోజున అందరూ వస్తారు. అప్పుడు చెప్పండి. నా కోసమే కాదు. ఆ ముప్పై గుడారాల్లో పిల్లలున్నారు, అందరింట్లో కుక్కలున్నాయి."

నలభయ్యో రోజుకు రాజధాని నుంచి కాగితం వచ్చింది. నెత్తుట్లో విషం లేదు, పాలల్లో విషం లేదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని జుమాకదిర్ మందలోంచి కావాలనే ఒక ముసలి గొర్రెను పట్టుకొచ్చాడు. ఊరంతా వాకిట్లో కూర్చుని ఉంది. ఆయన ఎప్పటిలాగే కోశాడు, చుక్క నెత్తురు పక్కకు పడకుండా. కార్జం బయటికి తీశాడు. మూడు బుడగలున్నాయి. ఆయన చెయ్యి ఆగింది. అక్కడున్న కుక్కలన్నీ అలవాటుగా లేచి నిలబడ్డాయి.

విసరలేదు. రెండు చేతులతో పట్టుకుని జనం మధ్యకు నడిచాడు.

"చూడండి," అన్నాడు. "నా కొడుకు కార్జంలో ఉన్నది ఇదే. నా మనవరాలి కార్జంలోనూ ఇదే ఉంది. కుమిస్‌లో ఏమీ లేదు, ఇదిగో కాగితం, చదువుకోండి. నలభై ఏళ్లుగా నేను దీన్ని కుక్కకు వేశాను. కుక్క నుంచి పిల్లలకు వచ్చింది. నా కొడుకును చంపింది నా కోడలు కాదు. ఈ చెయ్యి. ఆ రోజే తెలిసి కూడా చెప్పలేదు, అది నా రెండో తప్పు. ఇంకెవరైనా ఆ పిల్లను ఒక్క మాటంటే నన్ను అన్నట్టే."

 అందరూ అవే ముక్కలు విసిరిన చేతులవాళ్లే. ఒకాయన మెల్లిగా తన అరచేతులు చూసుకున్నాడు. ఒకామె కుక్క మెడ మీద చెయ్యేసి ఆడుతున్న కొడుకును రెక్క పట్టుకుని లాక్కుంది.

తర్వాత సాయ్కల్ లేచింది. గొంతు పెద్దదేమీ కాదు, కానీ అందరికీ వినిపించింది.

"మామయ్య ఆ రోజు కోయించకపోతే నా బిడ్డ లోపల ఏముందో మాకు తెలిసేదే కాదు. ఇప్పుడు మందు మింగుతోంది. తగ్గుతుందని చెప్పారు. నా బిడ్డ బతుకుతుంది. దానికి నేను మామయ్యకు రుణపడ్డాను, ఆ శవాల గది డాక్టరమ్మకు రుణపడ్డాను." అక్కడ కాస్త ఆగింది. "మా ఆయనకూ."

 తిట్టు పడాల్సిన చోట దండం పడింది. ఎవరిముందూ వంగని జుమాకదిర్ మెడ, చేతిలో గొర్రె కార్జంతో, కోడలి ముందు వంగింది.

జనం లేచారు. పెద్దలు కాగితం ఒకరి తర్వాత ఒకరు చదివారు, చదవడం రానివాళ్లు కూడా పట్టుకుని చూశారు. కాలీచా మాత్రం కూర్చున్నచోటే ఉంది. ఎవరి వంకా చూడలేదు. అందరూ భోజనాలకు కదిలాక, సాయ్కల్ పళ్లేలు తీస్తుంటే పిలిచింది.

"ఇదిగో... అమ్మాయ్."

నలభై రోజుల్లో ఆవిడ నోట వచ్చిన మొదటి మంచి పిలుపు.

"ఆ మిషను... పెద్దవాళ్లకు కూడా పెడతారా?" కాలీచా చెయ్యి నెమ్మదిగా కుడి డొక్క మీదకు పోయింది. "ఇక్కడ... మూణ్నాలుగేళ్లుగా బరువుగా ఉంటుంది. వయసనుకున్నా. మా ఇంట్లోనూ మూడు కుక్కలున్నాయిగా."

సాయ్కల్ పళ్లేలు కింద పెట్టింది. ఆ ముసలిదాని కళ్లలో భయం చూసింది. ఎన్నో అనొచ్చు. అనే హక్కూ ఉంది.

"రేపు పొద్దున్నే బండి ఉంది అత్తయ్యా. పరగడుపున రావాలి, టీ కూడా తాగకూడదు."

"చీకటిగది అంటున్నారు. నాకు భయమేస్తోంది," అని కాలీచా ఆమె అంగీ అంచు పట్టుకుంది. "నువ్వు పక్కనుంటావా? నువ్వు వెళ్లిపోవుగా?"

"ఎక్కడికెళ్తానత్తయ్యా," అంది సాయ్కల్. "ఇక్కడే ఉంటా."